ఆంగ్లపాఠమున నలంకారములు: పర్యాయకల్పనా విమర్శము

హైదరాబాదునగరమున జూబిలీహిల్సు, ఫిలింనగరు, రహమత్ నగరు అను మూఁడు పేరులు ప్రక్కప్రక్కనే వినఁబడుచుండును. మొదటిదానియందు రెండు పదములును నాంగ్లమునుండి వచ్చినవే. రెండవదానియం దాంగ్లపదమునకు సంస్కృతపద మంటుకొన్నది. మూఁడవదానియందుఁ గరుణ యను నర్థముగల యరబ్బీపదమునకు నగరశబ్దము తోడయినది. తత్సమాచ్ఛికముల కలయికను మిశ్రసమాస మని చెప్పిన చిన్నయసూరి కిట్టి మిశ్రములు లక్ష్యములుగా దొరకి యుండలేదు. ఈ పేరుల నడుమ నివసించు బాలుఁడు పాఠశాలకుఁ బోయి యాంగ్లపుస్తకమును దెఱచునప్పటికి మూఁడు పట్టికలు వల్లెవేయవలసి వచ్చుచున్నది: అలంకారముల పట్టిక యొకటి, వ్యాకరణసంజ్ఞల పట్టిక యొకటి, కఠినపదముల పట్టిక యొకటి. ఈ మూఁటికిని దమలోఁ దమకు సంబంధము గలదని యాతనికిఁ దెలుపువారు తక్కువ. ఇందు మొదటి పట్టికను సులభము చేయుటకై యాంగ్లాలంకారముల పేరులకు సంస్కృతాలంకారనామములను బర్యాయములుగా నిచ్చి బోధించు పద్ధతి తెలుఁగు పాఠశాలలలోఁ బ్రబలి యున్నది. ఆ పద్ధతి యెంతవఱకు శాస్త్రసమ్మతము, ఎంతవఱకు బాలోపకారకము, అనునది యిచట విచార్యము.

ఈ విచారమునకుఁ గాలము గూడ ననుకూలముగా నున్నది. 2018లోఁ జేయఁబడిన చట్టముచేతఁ దెలంగాణరాష్ట్రమునఁ బదవతరగతివఱకుఁ దెలుఁగు బోధనము తప్పనిసరి యయినది. 2022-23 విద్యాసంవత్సరమునుండి యాప్రభుత్వపాఠశాలలలో 1వ తరగతి మొదలు 8వ తరగతివఱకు నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడినది. ఒక పుటను దెలుఁగును, ఎదుటిపుట నాంగ్లమును గల పుస్తకములు ముద్రింపఁబడినవి. తల్లిదండ్రు లాంగ్ల మెఱుఁగని యిండ్లనుండి వచ్చు బాలురచేతులలోనికి రెండుభాష లొక్క పుస్తకముగాఁ జేరినవి. ఆ రెండుపుటల నడుమనున్న సందును దాఁటింపవలసినవాఁ డుపాధ్యాయుఁడు. ఒక భాషలోని సంజ్ఞ కింకొకభాషలోని సంజ్ఞను బర్యాయముగాఁ జెప్పినంతమాత్రమున నాసందు పూడునా, లేక బాలుఁడు దానిలోనే పడునా యనునది ప్రశ్నము.

పూర్వవృత్తాంతము కొంత స్మరింపఁదగి యున్నది. తెలుఁగున కాంగ్లభాషలో వ్యాకరణములు వ్రాసినవారిలో కేరీ 1814లోను, క్యాంబెలు 1816లోను, బ్రౌను 1840లోను దమతమ గ్రంథములను బ్రకటించిరి. క్యాంబెలు వ్యాకరణమునకుఁ జేర్పఁబడిన యెల్లిసుదొర పీఠికాలేఖ తెలుఁగు సంస్కృతజన్యము గాదనియు, దక్షిణదేశభాషాకుటుంబములోని దనియు నిరూపింపఁ బ్రయత్నించి ప్రసిద్ధి కెక్కెను. 1858లో వెలువడిన బాలవ్యాకరణము సంజ్ఞాపరిచ్ఛేదము మొదలు ప్రకీర్ణకమువఱకుఁ బది పరిచ్ఛేదములుగా విభక్తమై యున్నది. అందు నామవాచకము, సర్వనామము, విశేషణము, క్రియ, అవ్యయము అను భాషాభాగముల యైదింటి విభాగము ప్రాతిపదికగా లేదు. పాణిని పదమును సుబంతము, తిఙంతము అని రెండుగా విభజించెను. యాస్కుఁడు నామాఖ్యాతోపసర్గనిపాతము లని నాలుగుగా జెప్పెను. నేఁడు తెలుఁగు వాచకములలోఁ గానవచ్చు నైదువిధముల విభాగ మాంగ్లవ్యాకరణములోని యెనిమిదింటిని జూచి కుదించుకొన్నది. అనఁగా వ్యాకరణమునఁ దెలుఁగు ఆంగ్లపుమూసలోఁ బోయఁబడినది. అలంకారములయందు మాత్రము వ్యాపారము తలక్రిందయినది. ఆంగ్లము సంస్కృతపుమూసలోఁ బోయఁబడుచున్నది. రెండుతావులను దోష మొక్కటియే. మూసను జూచి ద్రవ్యమును గుఱుతించుట జరుగుచున్నది గాని, ద్రవ్యమును జూచి మూసను జేసికొనుట జరుగుట లేదు.

పాఠశాలలలో వాడుకయందున్న పర్యాయము లివి: సిమిలీ ఉపమ, మెటఫర్ రూపకము, హైపర్‌బొలీ అతిశయోక్తి, ఆలిటరేషన్ అనుప్రాసము, పన్ శ్లేష, ఐరనీ వ్యాజస్తుతి, ఆక్సిమొరాన్ విరోధాభాసము. ఇందు ఉపమ, అనుప్రాసము, విరోధాభాసము అను మూఁడును జాలవఱకు నిలుచును. శ్లేషయు నర్థద్వయమును జెప్పుపట్ల నిలుచును; అయినను సంస్కృతమున శ్లేష గంభీరవర్ణనముల కంగమగును, ఆంగ్లమునఁ బన్నను పేరు తఱచు హాస్యోక్తికే చెల్లును. అసలు విచార మవసరమయినవి మెటఫర్, హైపర్‌బొలీ, ఐరనీ అను మూఁడు.

మెటఫర్ రూపకమేనా? యవనపండితుఁడైన అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున మెటఫరును లక్షించుచు, ఒకవస్తువునకుఁ జెందిన పేరును వేఱొకదాని కన్వయింపఁజేయుట యని చెప్పి, దానిని నాలుగువిధములుగా విభజించెను: సామాన్యమునుండి విశేషమునకు, విశేషమునుండి సామాన్యమునకు, విశేషమునుండి వేఱొక విశేషమునకు, సాదృశ్యమునుబట్టి. ఈ నాలుగింటిలోఁ గడపటి దొక్కటియే సాదృశ్యమూలకము. మొదటి రెండును సామాన్యవిశేషభావమును బట్టి పుట్టినవి. ఆలంకారికమతమున నవి రూపకములే కావు, శుద్ధలక్షణకుఁ జెందినవి. కావున మూలమునందు మెటఫరను మాటకు సరియైన జోడు రూపకాలంకారము గాదు, లక్షణావృత్తి. వృత్తి యనఁగా శబ్దమున కర్థమునందుఁ గల వ్యాపారము. అలంకార మన వాక్యమున కది కలిగించు శోభ. వ్యాపారమును శోభతో సమముగాఁ జెప్పుట దీపమును వెలుఁగుతో సమముగాఁ జెప్పుటవంటిది. రెండును విడరానివే యైనను నొక్కటి గావు.

అరిస్టాటిలు పిదప యూరపుఖండమున మెటఫర్ సాదృశ్యమూలకమునకే సంకుచిత మయినదనియు, సామాన్యవిశేషభావాదులు వేఱు పేరులతోఁ జెప్పఁబడుచున్నవనియు నొకరు చెప్పవచ్చును. అంగీకరింతము గాక. అప్పటికిని రూపకముతో సామ్యము కుదురదు. రూపకమునం దుపమేయ ముపమానము రెండును శబ్దముచేతఁ జెప్పఁబడి వానికి నభేద మారోపింపఁబడును. “ఆమె పలుకు తేనె” యనునది రూపకము. పలుకు చెప్పఁబడినది, తేనెయుఁ జెప్పఁబడినది. “చెవులకుఁ దేనె సోఁకినది” యన్నచోఁ బలుకు చెప్పఁబడలేదు. తేనె దానిని మ్రింగివైచినది. దీనిని మమ్మటుఁడు సాధ్యవసానలక్షణ యందును, అలంకారములలో నతిశయోక్తి ప్రథమభేదమునందును జేర్చును. అప్పయ్యదీక్షితులు కువలయానందమున దీనికే రూపకాతిశయోక్తి యని పేరు పెట్టిరి. ఆంగ్లాధ్యాపకుఁ డీ రెండువాక్యములను మెటఫర్ అనియే చెప్పును. ఆతని శాస్త్రమున నది తప్పుగాదు. కాని మెటఫర్ అనఁగా రూపకమే యని తెలుఁగుతరగతిలో నేర్చుకొన్న బాలుఁడు రెండవవాక్యమును జూచి రూపక మని వ్రాయును. తెలుఁగుపరీక్షలో నది తప్పగును. రూపక మనఁగా నుపమేయోపమానము లుండవలయునని తెలిసినవాఁడు దానిని మెటఫర్ కాదని వ్రాసెనా, ఆంగ్లపరీక్షలోఁ దప్పగును. ఒకే పర్యాయ మొకే బాలునకు రెండుతరగతులలో రెండువిధములఁ దప్పును గల్పించుచున్నది.

ఈ తప్పు మార్కులకు మాత్రమే పరిమిత మయినచో నుపేక్షింపవచ్చును. కాని యిందుఁ బోవుచున్నది యెక్కువ. ఉపమేయమును జెప్పుటకును, మ్రింగుటకును మధ్య నున్న భేదము కవియొక్క సాహసపరిమాణము. “ఆతఁడు సింహమువంటివాఁడు” అన్నప్పుడు వక్త కొంత దూరమున నిలుచును. “ఆతఁడు సింహము” అన్నప్పు డాదూరమును జెఱపును. “సింహము వచ్చినది” అన్నప్పుడు శ్రోతయే యాతనిని వెదకికొనవలయును. మూఁడుమెట్లయందు శ్రోత చేయవలసిన పని క్రమముగాఁ బెరుగుచున్నది. ఈ మెట్లను జూపుటయే కావ్యపాఠము. ఆంగ్లము మొదటిమెట్టు నొకపేరుతోను, మిగిలిన రెండింటిని వేఱొకపేరుతోను జెప్పును. సంస్కృతము మూఁడింటికి మూఁడుపేరులు పెట్టెను. రెండు విభాగములును బ్రక్కప్రక్క నుంచి చూపినచో బాలుఁడు పేరుల వెనుకనున్న వస్తువును జూడఁగలఁడు. ఒకదానిపై నొకటి యతికించినచో రెండింటిలో నేదియుఁ జూడలేఁడు.

రహమత్ నగరుబాలునకు దీనిని బోధించుటకు దూరమునఁ గావ్యము వెదకవలసిన పని లేదు. చుట్టుప్రక్కల ఫిలింనగరు, కృష్ణానగరు, యూసుఫ్‌గూడ వీథులలో ననుదినము వినఁబడు “స్టార్” అను మాటయే చాలును. ఆకాశమున మెఱయుదానికిఁ దెరపై మెఱయువానితో సాదృశ్యము, ఆసాదృశ్యముచే నభేదారోపము, ఆ పిదప నటుఁడను మాటయే యక్కఱలేకుండ “స్టార్ వచ్చెను” అనుట. ఇది యధ్యవసానము. కాలక్రమమునఁ బ్రయోజన మడఁగి వాడుకయే మిగిలినప్పు డది నిరూఢలక్షణ యయినది. నేఁ డామాట విన్నవానికి నాకాశము తలఁపునకు రాదు. తెలుఁగు దీనిని “తార” యని యనువదించుకొని “సినీతార” యనెను. నటవర్గమున కంతకును “తారాగణము” అను పేరు పెట్టెను. సంస్కృతమున నక్షత్రసమూహమను నర్థము గల యీసమాసము తెలుఁగుతెరపై వేఱొక యర్థమున స్థిరపడినది. ఇట్లొక్క పదముననే యలంకారము, సమాసము, పదజాలము మూఁడును గలిసి యున్నవి. మూఁడు పట్టికలు వల్లెవేయించు నుపాధ్యాయుఁడు దీనిని మూఁడుతావులఁ జెప్పినను జెప్పవచ్చును. ఒక్కతావునఁ జెప్పుట యుక్తము.

దీనికిఁ బ్రత్యుదాహరణముగా “వెండితెర” యను మాటను జూపవలయును. ఇది కవియూహ యని బాలుఁడు భ్రమపడును. పూర్వము చిత్రప్రదర్శనమునకు వాడిన తెరలకు వెలుఁగును బ్రతిఫలింపఁజేయుటకై లోహపుఁబూఁత పూయుచుండిరి. అందువలన నాంగ్లమున నాపేరు పుట్టినది. కావున మొదట నది ముఖ్యార్థమునకు సమీపమయిన మాటయే. తెరలు మాఱినను బేరు మిగిలినది, ఇప్పుడది లక్షణ. దానిని జూచి తెలుఁగువారు దూరదర్శనమునకు “బుల్లితెర” యని స్వతంత్రముగాఁ బేరు కల్పించుకొనిరి. ప్రతి సుందరశబ్దమును మెటఫర్ అని గుఱుతు పెట్టుట తగదనియు, మాట పుట్టిన హేతువు నరసి చూడవలయుననియు నీయుదాహరణము నేర్పును.

ఇఁక హైపర్‌బొలీ. దీనికి నతిశయోక్తి యను పర్యాయము పేరునుబట్టి సరిపడినట్లు తోఁచును. కాని పైనఁ జెప్పినట్లతిశయోక్తి ప్రథమభేద మాంగ్లమున మెటఫర్. “ఆ మేడలు చంద్రుని దాఁకుచున్నవి” యనునట్టి సంబంధాతిశయోక్తి హైపర్‌బొలీకి జోడగును. దీక్షితులు శౌర్యౌదార్యాదులను లోకాతీతముగా వర్ణించుటకు నత్యుక్తి యని వేఱొక యలంకారమునే చెప్పిరి. దానాదుల వర్ణనముపట్ల హైపర్‌బొలీకి నది సన్నిహితతరము. అతిశయోక్తి యను వ్యాపకసంజ్ఞను జూపి యిదియే హైపర్‌బొలీ యని చెప్పుట వృక్షమును జూపి యిదియే మామిడి యని చెప్పుట. కొన్నిమాఱులు నిజమే, ప్రతిమాఱు నిజము గాదు.

ఐరనీ విషయమున దోష మింకొకరీతిది. నిందామిషమున స్తుతియు, స్తుతిమిషమున నిందయుఁ దోఁపఁజేయునది వ్యాజస్తుతి. ఐరనీ యంతకంటె విశాలమయినది. ఆలస్యముగా వచ్చినవానిని “మంచివేళకు వచ్చితివి” యనుటయందు స్తుతినిందలకంటె విపరీతలక్షణ ప్రధానము. నాటకమునఁ బ్రేక్షకులకుఁ దెలిసిన విషయము పాత్రకుఁ దెలియకుండుటచేఁ బాత్రవాక్యమునఁ దోఁచు వేఱర్థమును గూడ నాంగ్లవిమర్శకు లైరనీ యనియే వ్యవహరింతురు. దీనికి వ్యాజస్తుతితో సంబంధమే లేదు. నాట్యశాస్త్రదశరూపకములలోఁ జెప్పఁబడిన పతాకాస్థానకము దీనికిఁ గొంత సమీపము. తప్పిపోయిన యన్నదమ్ములు తెరపై నొకరి నొకరు గుఱుతింపక పోట్లాడుచుండఁగాఁ గుర్చీయంచున నుత్కంఠతోఁ గూర్చుండు బాలునకు నీరసానుభవము క్రొత్త గాదు. పేరు మాత్రమే క్రొత్తది. అట్టివానికి వ్యాజస్తుతి యని చెప్పి యూరకుండుట తెలిసినదానిని దెలియనిదానిగాఁ జేయుట.

ధ్వన్యనుకరణపదముల నాంగ్లమున నొనొమటొపియా యని యలంకారములలోఁ జేర్చి చదివింతురు. సంస్కృతమున నది యలంకారము గాదు. పాణిని యవ్యక్తానుకరణ మను పేరుతో వ్యాకరణకార్యములు చెప్పెను. తెలుఁగున గలగల, జలజల, గణగణ, పెటపెట మొదలగునవి లెక్కకు మిక్కిలి. ఇం దొక విశేషము గలదు: తళతళ, మిలమిల, ధగధగ యనునవి శబ్దము లేని కాంతి ననుకరించుచున్నవి. ఆంగ్లలక్షణము ధ్వనినే చెప్పును గనుక నివి దానికి లొంగవు. ఇచ్చటఁ దెలుఁగుబాలుఁడు పుస్తకముకంటె నెక్కువ యెఱుఁగును. ఆ యెఱుకను బైకిఁ దీయుట యుపాధ్యాయుని పని.

పదజాలమునకు వచ్చిన నిట్లే. ఆంగ్లపదములు తెలుఁగునఁ బ్రవేశించునపు డర్థమును మార్చుకొనుట సామాన్యము. ఆమార్పులు లక్షణాశాస్త్రమునకు లక్ష్యములు. ఆంగ్లమున “రెయిల్” అనఁగా నినుపకమ్మి. తెలుఁగున “రైలు” అనఁగా నాకమ్మిపై నడచు బండి. ఆధారవాచకము నాధేయమునకు వాడుట యిది. ఆపిదపఁ గమ్మి కేదియుఁ బేరు మిగులమింజేసి “రైలుపట్టాలు” అని చెప్పవలసి వచ్చినది. “గ్లాసు” అనఁగా గాజు. దానితోఁ జేసిన పాత్రకు నాపే రాంగ్లముననే వచ్చినది. తెలుఁగున నిఁక నొక యడుగు ముందునకుఁ బోయి “స్టీలుగ్లాసు” అయినది. గాజుతో నిమిత్తమే లేదు. చిత్రవ్యాపారమున “కాల్షీటు” అనునది యింకను రసవత్తరము. ఆంగ్లమున నది మఱునాఁటి చిత్రీకరణమున కెవరెప్పుడు రావలయునో తెలుపు కాగితము. తెలుఁగు స్టూడియోలలో నది నటుఁడు నిర్మాత కిచ్చు పనిదినము. “నలువది కాల్షీటు లిచ్చెను” అన్నప్పుడు కాగితమేదియు లేదు, దినములే యున్నవి. ముఖ్యార్థమునకు బాధ, ముఖ్యార్థముతో సంబంధము, రూఢి: లక్షణకుఁ జెప్పిన మూఁడు హేతువులును నిందున్నవి. గంగలో గొల్లపల్లె యను ప్రాచీనోదాహరణము కన్నెఱుఁగని బాలునకుఁ గాల్షీటుచే లక్షణ సుగమమగును. అంతేకాక “ది రెయిల్ కేమ్” అని వ్రాసిన బాలునకుఁ గొట్టివేఁతగీఁత కంటె నీవివరణ మెక్కువ మేలు చేయును. ఆతఁడు చేసినది బుద్ధిహీనమయిన పని గాదు. తెలుఁగునఁ జెల్లు లక్షణను నాంగ్లమునఁ జెల్లు నని తలఁచెను.

వ్యాకరణమునను బర్యాయకల్పన యిట్లే యాటంకము కలిగించును. మచ్చునకు మూఁడు విషయములు చాలును. మొదటిది “ఎ”, “ది” యను నిర్దేశకములు. ఇట్టివి తెలుఁగున లేవని చెప్పి యుపాధ్యాయుఁడు నియమములు వల్లెవేయించును. కాని నిర్దిష్టానిర్దిష్టభేదము తెలుఁగున లేకపోలేదు. వేఱొకచోట దాఁగి యున్నది. జడవాచకములకు ద్వితీయకు మాఱుగాఁ బ్రథమ వచ్చుట వైయాకరణసమ్మతము. “కెమెరా తెచ్చెను” అన్నప్పు డేదో యొక కెమెరా యని తోఁచును. “కెమెరాను దెచ్చెను” అన్నప్పుడు మునుపు ప్రస్తావింపఁబడిన కెమెరా యని తోఁచును. ఇది యన్నిచోట్ల నిలుచు నియమము గాదు, వాడుకయందలి మొగ్గు. ఈ మొగ్గును జూపినచో నాంగ్లనిర్దేశకముయొక్క ప్రయోజనము బాలుని చెవికిఁ దాఁకును. నియమముల నా పిదపఁ జెప్పవచ్చును.

రెండవది పరోక్తి. తెలుఁగు “అని” చేతను, సంస్కృత “మితి” చేతను నితరుల మాటను జాలవఱకు యథాతథముగా నిలుపును. ఆంగ్లమునఁ బురుషయుఁ గాలముఁ గాలస్థలవాచకములు మాఱును. “హి సెడ్ దట్ హి వుడ్ కమ్” అను వాక్యమున రెండవ “హి” వక్తయా, వేఱొకఁడా యను సంశయ ముండును. తెలుఁగున “తాను వత్తునని చెప్పెను” అన్నచో సంశయము లేదు. ఇచ్చటఁ దాను అను సర్వనామముతోఁ గూడ నుత్తమపురుషక్రియయే వచ్చుటయు గమనింపఁదగినది. ఆంగ్లము కాలమును మార్చుట యేల యని ప్రశ్నించు బాలునకు, ఆంగ్లవక్త యితరుల మాటను దన నిలుకడనుండి చెప్పుననియుఁ, దెలుఁగువక్త మొదటివాని నిలుకడను విడువఁడనియుఁ జెప్పినచో నియమములన్నియు నొక్కహేతువునకు లోఁబడును.

మూఁడవది కర్మణిప్రయోగము. ఆంగ్లపాఠమునఁ గర్తరివాక్యమును గర్మణికి మార్చుట యొక గణితమువలె నేర్పఁబడుచున్నది. దానినిఁ దెలుఁగున ననుసరించి “ఇల్లు మేస్త్రీచేతఁ గట్టఁబడెను” అని వ్రాయింతురు. తెలుఁగున “పడు” ధాతువుతోఁ గర్మణి సాధ్యమే; కాని వాడుక దానిని మిక్కిలి కోరదు. కర్త యప్రధాన మయినప్పుడుఁ దెలుఁగు “ఈ యిల్లు రెండేండ్లక్రిందఁ గట్టిరి” యని యనిర్దిష్టబహువచనముతోఁ దృప్తిపడును. ఆంగ్లకర్మణికి సహజమయిన జోడు తఱచు నీ బహువచనమే గాని “పడు” రూపము గాదు. సంస్కృతమున నకర్మకధాతువులకు భావేప్రయోగము సైతము గలదు. అది యాంగ్లమునఁ గానరాదు. మూఁడుభాషలు మూఁడుత్రోవలఁ గర్తను వెనుకకు నెట్టుచున్నవి. ఎందుకు నెట్టుచున్నవో చెప్పకుండ నెట్లు నెట్టవలయునో మాత్రమే చెప్పుట వ్యాకరణబోధనము గాదు, యంత్రాభ్యాసము.

ఇచ్చటఁ గొన్ని యాక్షేపణలు పుట్టవచ్చును. బాలురకు మొదట సులభమయిన పర్యాయములు చాలుననియు, సూక్ష్మభేదములు పైతరగతులకుఁ దగుననియు నొక యాక్షేపణ. పర్యాయము సులభమని యంగీకరింపవలసినదే. కాని సులభమగుటకును దప్పగుటకును సంబంధము లేదు. “మెటఫర్ అనఁగా రూపకము” అను వాక్యముకంటె “రూపక మొకవిధమయిన మెటఫర్” అను వాక్యము పొడవునఁ గొంచెమే యధికము. సత్యమునఁ జాల యధికము. మొదట నేర్చినది మఱపించుట క్రొత్తది నేర్పుటకంటెఁ గష్టమని ప్రతి యుపాధ్యాయుఁ డెఱుఁగును.

ఆంగ్లాధ్యాపకుఁ డలంకారశాస్త్రమును జదువలేదనియు, తెలుఁగుపండితుఁ డాంగ్లవిమర్శను జదువలేదనియు, నిట్టి బోధన మెవరు చేయఁగల రనియు రెండవ యాక్షేపణ. ఇది బలమయినదే. ఆంగ్లబోధనపరిశోధనకై 1958లో హైదరాబాదునఁ గేంద్రసంస్థ యొకటి స్థాపింపఁబడి, 2007లో నాంగ్లవిదేశీభాషావిశ్వవిద్యాలయ మయినది. ఓరుగంటిని ప్రతాపరుద్రునిపేర విద్యానాథుఁడు రచించిన యలంకారగ్రంథమును దక్షిణదేశపండితులు చిరకాలముగాఁ బఠించుచున్నారు. మల్లినాథుని కుమారుఁడు దానికి వ్యాఖ్య వ్రాసెను. రెండు విద్యలకును నీదేశముననే స్థానములున్నవి. లోపము విద్యలయందు లేదు. ఒకే పాఠశాలలో రెండుగదులలోఁ గూర్చుండు నిద్దఱుపాధ్యాయు లొకే బాలునకు నొకే విషయమును జెప్పుచు నొకరితో నొకరు సంప్రదింపకుండుటయం దున్నది. నెలకొకమా ఱిద్దఱుఁ గూర్చుండి యొక్క వాక్యమునే తమతమ పద్ధతుల విడదీసి చూచికొన్నను జాలును.

మూఁడవది యభిమానమూలకమయిన యాక్షేపణ: పర్యాయములు సరిపడవని చెప్పుట యొకశాస్త్రమును దక్కువ చేయుట యని. అట్లు గాదు. భరతుఁడు నాట్యశాస్త్రమున నుపమ, రూపకము, దీపకము, యమకము అను నాలుగలంకారములనే చెప్పెను. కువలయానందమునాఁటికవి నూఱు దాఁటెను. ఈ పెరుగుదల పేరుల మీఁది మోజుచేత వచ్చినది గాదు. హేతుభేదము కనఁబడినప్పుడెల్ల నామభేదము చేసిరి. ఆంగ్లమునందు విభాగము విరళము, కాని దానికిని హేతువులు గలవు. రెండింటిని సమానముగా గౌరవించుట యనఁగా రెండింటి హేతువులను జెప్పుట. పేరుల నతికించుటవలన నొకటి గౌరవింపఁబడదు, రెండవది బోధపడదు. సంస్కృతవ్యాకరణపుమూసను దెలుఁగునకు మితిమీఱి తొడిగినందువలనఁ గలిగిన చిక్కులు పండితులకుఁ దెలియనివి గావు. ఆచిక్కులు తెలిసినవారే యాంగ్లమునకు నట్టిమూసను దొడుగుట వింత.

కడపట నలంకారప్రయోజనమును గూర్చి యొకమాట. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున రసమునం దేకాగ్రుఁడైన కవికి వేఱుప్రయత్నము లేకయే సిద్ధించునదియే యలంకార మని నిర్ణయించెను. కవికిఁ బ్రత్యేకప్రయత్నము కూడదన్నచోఁ జదువరి దానిని వేఱుచేసి పట్టికలోఁ దగిలించుట యంతకంటెఁ గూడదు. “ఈ పద్యమున నే యలంకార మున్నది?” అను ప్రశ్నమున కుత్తర మొక్కమాట. “ఆయలంకారము తీసివేసినచో నిం దేమి పోవును?” అను ప్రశ్నమున కుత్తరము పద్యమంతయు. మొదటిప్రశ్నమునకు మార్కులు వేయుట తేలిక గనుక నది పరీక్షలలో నిలిచినది. రెండవది తరగతిలోనైన నడుగఁబడవలయును.

కావున నాచరణీయమయిన క్రమ మిది. మొదట లక్ష్యమును జూపవలయును. అది బాలుని వీథినుండియే తీసినది కావలయును. పిదప శబ్దమున కర్థమునకుఁ గల వ్యాపారమును వానిచేతనే చెప్పింపవలయును. ఆపిదప నాంగ్లశాస్త్రము దానికేమి పేరు పెట్టినదో, భారతీయశాస్త్ర మేమి పేరు పెట్టినదో, రెండు పేరుల యెల్ల లెక్కడఁ గలియునో యెక్కడ విడునో తెలుపవలయును. సంజ్ఞ చివర రావలయును. పాణినీయమున సంజ్ఞలు మొదట నుండుటకుఁ గారణము వేఱు. అది యాభాషను ముందే యెఱిఁగినవారికై రచింపఁబడిన శాస్త్రము. ఆంగ్లము నింకను దెలిసికొనుచున్న బాలునకు సంజ్ఞ మొదట వచ్చినచో వస్తువు రానేరదు. రహమత్ నగరుపాఠశాలలోఁ గూర్చుండినవాఁడు తారాగణము, వెండితెర, కాల్షీటు, స్టీలుగ్లాసు అను మాటలతోఁ దరగతిలోనికి వచ్చుచున్నాఁడు. వాని సంచిలోని లక్ష్యములు పుస్తకములోని లక్షణములకంటె ముందు విప్పఁబడవలయును.